గోడవార గొంతు: ‘ది వాల్‌ఫ్లవర్స్’ బృందం – వారసత్వ సమస్య

వ్యాససంగ్రహం

ప్రఖ్యాత సంగీతకారుల సంతానం సృజనను అంచనా వేసేటప్పుడు విమర్శ తరచుగా ‘తండ్రి నీడ’ అనే రూపకం దగ్గరే ఆగిపోతుంది. అమెరికన్ గేయకర్త బాబ్ డిలన్ కుమారుడు జాకబ్ డిలన్ నాయకత్వంలోని ‘ది వాల్‌ఫ్లవర్స్’ రాక్ బృందం 1992–2000 మధ్య వెలువరించిన మూడు ఆల్బంలను ఈ వ్యాసం పరిశీలిస్తుంది. బృందరూపం ఆ గాయకుడికి ఏ మేరకు రక్షణ అయింది, ఏ మేరకు పరిమితి అయింది అన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: వారసత్వం, బృందరూపం, కథకుని స్థానం, అనుకరణ, రాక్ సంగీతం.

ఉపోద్ఘాతం

కర్ణాటక సంగీతంలో ఒక విద్వాంసుని కుమారుడు తండ్రి బాణీని నిలబెట్టాడనడం ప్రశంస. గమకంలోనో రాగాలాపనలోనో తండ్రి పోలిక వినిపిస్తే రసికులు సంతోషిస్తారు. రాక్ సంగీతంలో పరిస్థితి వేరు. పాట రాసినవాడే పాడాలని, ఆ పాటలో అతని సొంత వ్యక్తిత్వం పలకాలని 1960లలో ఒక ప్రమాణం బలపడింది. అది బలపడటంలో బాబ్ డిలన్ పాత్ర గణనీయమైనది. అందువల్ల ఆయన కుమారుని ఇబ్బంది రెండింతలయింది. తండ్రిని పోలితే అనుకరణ అంటారు. పోలకపోతే తండ్రికి తగ్గవాడు కాదంటారు. అతన్ని తూచే త్రాసు సైతం తండ్రి చేతిమీదుగా వచ్చిందే.

1. బృందం అనే మరుగు

1969లో జన్మించిన జాకబ్ ఈ బృందాన్ని 1989 ప్రాంతంలో లాస్ ఏంజెలస్‌లో మిత్రుడైన గిటార్ వాద్యకారుడు టోబీ మిల్లర్‌తో కలిసి ప్రారంభించాడు. మొదట ‘ది ఆపిల్స్’ అనుకున్న పేరు తరువాత ‘ది వాల్‌ఫ్లవర్స్’గా మారింది. నృత్యసభలో ఎవరూ పిలవక గోడవారనే నిలబడిపోయే వ్యక్తిని ఇంగ్లీషులో ‘వాల్‌ఫ్లవర్’ అంటారు. ఇంటిపేరే గొప్ప పెట్టుబడి కాగల రంగంలో ఆ పేరును వెనక్కి నెట్టి, సిగ్గరితనాన్ని సూచించే మాటను ముందు నిలపడం గమనించదగిన అంశం. అయితే బాబ్ డిలన్ 1971లో రికార్డు చేయగా 1991లో అధికారికంగా విడుదలైన ఒక పాట పేరు కూడా ‘వాల్‌ఫ్లవర్’. మరుగు కోసం ఎంచుకున్న పేరులోనూ తండ్రి ప్రతిధ్వని వినబడటం ఈ వారసత్వ స్వభావాన్ని సూచిస్తుంది.

వర్జిన్ సంస్థ 1992లో విడుదల చేసిన తొలి ఆల్బంకు ఆదరణ దక్కలేదు. తరువాత బృందం ఆ సంస్థను వీడింది. సభ్యులు ఒక్కొక్కరుగా వెళ్లిపోయారు. 1996లో ఇంటర్‌స్కోప్ ద్వారా రెండవ ఆల్బం ‘బ్రింగింగ్ డౌన్ ద హార్స్’ వచ్చేనాటికి తొలి ఆల్బం సభ్యులలో మిగిలినవారు జాకబ్, కీబోర్డు వాద్యకారుడు రామీ జాఫీ మాత్రమే. తండ్రి పేరే అన్ని తలుపులూ తెరిచిందనే అభిప్రాయానికి ఈ నాలుగేళ్ల చరిత్ర అనుకూలంగా లేదు.

2. కథకుడు సాక్షిగా

రెండవ ఆల్బం అమెరికాలో నలభై లక్షల ప్రతుల స్థాయి ధ్రువీకరణ పొందింది. దీని నిర్మాత టి-బోన్ బర్నెట్ 1975–76లో బాబ్ డిలన్ సంచార బృందం ‘రోలింగ్ థండర్ రెవ్యూ’లో గిటార్ వాయించినవాడు. ‘సిక్స్‌త్ ఎవెన్యూ హార్టేక్’ పాటలో స్లైడ్ గిటార్ వాయించిన మైక్ క్యాంప్‌బెల్ 1986–87లో టామ్ పెటీ బృందంతో పాటు బాబ్ డిలన్ వెంట పర్యటించినవాడు. కాబట్టి కుమారుడు తండ్రి ప్రపంచాన్ని వీడిపోయాడనడం సరికాదు. అక్కడి మనుషులనే తీసుకుని వేరే ధ్వనిని కూర్చుకున్నాడనడం ఉచితం. 1965 నాటి ‘లైక్ ఎ రోలింగ్ స్టోన్’లో ఆర్గాన్ పాటపైకి పొంగి వినిపిస్తుంది. ‘వన్ హెడ్‌లైట్’లో జాఫీ ఆర్గాన్ డ్రమ్ము, గిటార్ల అడుగున పరచుకుని ఉంటుంది. తండ్రి గొంతు మాటను విరిచి, సాగదీసి నిలదీస్తుంది; కుమారుని గొంతు మంద్రంగా, దాదాపు ఏ ఉద్రేకమూ లేకుండా చెప్పుకుపోతుంది.

ఈ నిగ్రహం సాహిత్యంలోనూ కనిపిస్తుంది. ‘సిక్స్‌త్ ఎవెన్యూ హార్టేక్’ నేపథ్యం న్యూయార్క్‌లో జాకబ్ కిటికీ బయట పాటలు వాయించిన ఒక నిరాశ్రయుడు. కథకుడు అక్కడ చూసేవాడు మాత్రమే. ‘వన్ హెడ్‌లైట్’లో మిత్రమరణం కథకునిదే అయినా, ఆ సంగతి సైతం లోకులు చెప్పుకునే మాటగానే మనకు అందుతుంది. తన దుఃఖానికి తానే శ్రోత అయిన ఈ కథకుడు ఆత్మకథను వెదికే శ్రోతకు చిక్కడు. ఆల్బం బలం ఇదే, పరిమితీ ఇదే. సాక్షిస్థానం గాయకుణ్ణి పోలికల నుంచి కాపాడింది. కానీ అతనికి అన్నిటికంటే దగ్గరి విషయాన్ని పాటలోకి రానీయలేదు.

1998 గ్రామీ పురస్కారాలు ఈ స్థితికి చక్కని నిదర్శనం. ‘వన్ హెడ్‌లైట్’కు ఉత్తమ రాక్ గీతంగానూ, ఉత్తమ రాక్ బృందగానంగానూ రెండు పురస్కారాలు లభించాయి. అదే వేడుకలో బాబ్ డిలన్ ‘టైమ్ ఔట్ ఆఫ్ మైండ్’ ఉత్తమ ఆల్బంగా నిలిచింది. రాక్ పురుషగాత్ర పురస్కారమూ ఆయనదే. ఏకగాత్రం ఒక విభాగం, బృందగానం మరొక విభాగం కావడంతో ఆ రెండింటిలో తండ్రీకొడుకులు పోటీ పడవలసిన అవసరం రాలేదు. బృందరూపం కల్పించిన రక్షణ ఇంత స్పష్టంగా మరెక్కడా కనబడదు.

3. మరుగు తొలగించిన పాట

మూడవ ఆల్బం ‘బ్రీచ్’ 2000లో వచ్చింది. ఆ మాటకు గండి అనీ, ఉల్లంఘన అనీ అర్థాలున్నాయి. పేరును కుండలీకరణాల మధ్య ముద్రించారు. చెప్పదలచిన దానిని కొంత దాచి చెప్పే ధోరణి ఇందులో ఉంది. ఇందులోని ‘హ్యాండ్ మీ డౌన్’ పాట పేరుకు ఒకరు తొడిగి విడిచాక మరొకరికి వచ్చిన బట్ట అని అర్థం. ఇక్కడ జాకబ్ ‘నేను’ అని మొర పెట్టుకోలేదు. ‘మేము’ అనే సమూహం ‘నువ్వు’ అనే వ్యక్తిని ఎగతాళి చేస్తుంది. అతడు తమకు గర్వకారణం కాలేడని తీర్పు చెబుతుంది. ఆ ‘మేము’లో విమర్శకులూ శ్రోతలూ ఉన్నారు. తనను తూచిన త్రాసునే అతడు పాటకు వస్తువుగా మార్చాడు. వెనుకటి ఆల్బంలో సాక్షిగా నిలిచిన గొంతు ఇక్కడ తనమీది ఆరోపణను తానే ఉచ్చరించింది. ఈ ఆల్బం అమ్మకాలు మునుపటిదానికి చాలా దిగువన ఉండిపోయాయి. అయినా బృందం కళాపరంగా తన సమస్యను నేరుగా ఎదుర్కొన్నది ఇందులోనే. ప్రజాదరణ కొలమానంగా 1996ను శిఖరమనీ, 2000ను పతనమనీ చెప్పే అలవాటును పునఃపరిశీలించాలి.

2008లో జాకబ్ తన సొంత పేరుతో తొలి ఆల్బం ‘సీయింగ్ థింగ్స్’ వెలువరించాడు. అందులో ప్రధాన వాద్యం అకూస్టిక్ గిటార్. ప్రచురణ సంస్థ తండ్రి తొలి ఆల్బంను విడుదల చేసిన కొలంబియా. ఒకప్పుడు తప్పించుకు తిరిగిన వాద్యం, పేరు, సంస్థ మూడింటినీ అతడు అప్పుడు స్వీకరించగలిగాడు. మరోవైపు 2021లో ‘ఎగ్జిట్ వూండ్స్’ వచ్చేనాటికి ‘ది వాల్‌ఫ్లవర్స్’లో తొలినాటి సభ్యుడు అతనొక్కడే. వ్యక్తిని దాచడానికి ఏర్పడిన బృందనామం క్రమంగా ఆ వ్యక్తికే మారుపేరయింది.

ముగింపు

ఈ పరిశీలన వల్ల తేలిన అంశాలు:

1. ‘నీడ నుంచి బయటపడటం’ అన్న రూపకం ఈ బృందం విషయంలో సరిపోదు. జాకబ్ తండ్రి ప్రపంచానికి దూరం కాలేదు. అందులో కథకుని స్థానాన్ని మార్చుకున్నాడు.

2. బృందరూపం అతనికి కావలసిన వ్యవధినిచ్చింది. అయితే ఆ రూపం పూర్తిగా కాపాడినంత కాలం వారసత్వం పాటకు వస్తువు కాలేకపోయింది.

3. వారసత్వాన్ని తూచేటప్పుడు పోలికల పట్టిక కంటే, పాటలో ఎవరు ఎవరితో మాట్లాడుతున్నారన్న ప్రశ్న ఎక్కువ ఫలప్రదం. ఆ ప్రశ్న వేసినప్పుడు ‘హ్యాండ్ మీ డౌన్’ కుమారుని ఫిర్యాదుగా వినిపించదు. విమర్శకులకు అతడిచ్చిన సమాధానంగా వినిపిస్తుంది.