ఎక్కడ ఆగాలో తెలిసిన కిరణం

మదనపల్లె, పుంగనూరు, కుప్పం పల్లెల్లో రేడియేషన్‌ను చాలామంది ఇప్పటికీ ‘కరెంటు’ అనే అంటారు. ‘‘రాయవేలూరుకు పోయి నెలరోజులు కరెంటు పెట్టించుకొని వచ్చినాడు’’ అంటే గడ్డకు రేడియేషన్ ఇచ్చారని అర్థం. చదువుకున్నవాళ్లు నవ్వుతారు గానీ, ప్రోటాన్ చికిత్స దగ్గరకొచ్చేసరికి ఆ మాట దాదాపు నిజమే. హైడ్రోజన్ పరమాణువులోని ఎలక్ట్రాన్‌ను ఊడదీస్తే మిగిలేది ప్రోటాన్. దాన్ని అయస్కాంతాల నడుమ గుండ్రంగా తిప్పుతూ, ప్రతి చుట్టులోనూ విద్యుత్తుతో తోస్తూ పోతే చివరికి కాంతి వేగంలో అరవై శాతం అందుకుంటుంది. అలా తోసే యంత్రమే సైక్లోట్రాన్.

మనకు దగ్గర్లో అది చెన్నై తరమణిలో ఉంది. దక్షిణాసియాలో మొట్టమొదటిదైన అపోలో ప్రోటాన్ క్యాన్సర్ సెంటర్‌ను 2019 జనవరిలో అప్పటి ఉపరాష్ట్రపతి వెంకయ్యనాయుడు ప్రారంభించారు. అపోలో స్థాపకుడు డాక్టర్ ప్రతాప్ సి. రెడ్డిది చిత్తూరు జిల్లా అరగొండ. యంత్రం బెల్జియం దేశపు ఐబీఏ కంపెనీది. సైక్లోట్రాన్ ఒక్కటే 220 టన్నులు. కిరణాన్ని రోగి చుట్టూ తిప్పే గాంట్రీ మూడంతస్తుల ఎత్తు, సుమారు వంద టన్నుల బరువు. అంత ఇనుమూ తిరిగి తిరిగి గురి పెట్టేది మాత్రం మిల్లీమీటరు తేడా రాకుండా.

అయినా నన్ను ఆకట్టుకున్నది ఆ బరువు కాదు, ప్రోటాన్ ఆగే తీరు. ఎక్స్‌రే కిరణం ఒంట్లో దూరితే దారి పొడుగునా శక్తిని వదులుతూ అవతలి వైపుకు వెళ్లిపోతుంది. ప్రోటాన్ అలా కాదు. తెల్లవారుజామున మదనపల్లె టమోటా మార్కెట్‌లో పరుగున పోయేవాణ్ని ఎవరూ పలకరించలేరు. నడక మందగించేకొద్దీ పలకరింపులు పెరుగుతాయి, చివరికి ఒకచోట నిలబడిపోతాడు. ప్రోటాన్ కూడా వేగంగా ఉన్నప్పుడు దారిలోని ఎలక్ట్రాన్లకు కొంచెమే శక్తినిస్తుంది. వేగం తగ్గేకొద్దీ ఎక్కువిచ్చి, ఆగే ముందు ఉన్నదంతా ఒక్కచోట కుమ్మరిస్తుంది. ఆ తర్వాత ఏమీ ఉండదు. ఈ శిఖరాన్ని 1904 ప్రాంతంలో విలియం హెన్రీ బ్రాగ్ ఆల్ఫా కణాల్లో చూశారు. ప్రోటాన్లతో ఇది వైద్యానికి పనికొస్తుందని 1946లో రాసినవారు రాబర్ట్ విల్సన్. అంతకుముందు ఆయన పనిచేసింది అణుబాంబు తయారీలో! 1954లో అమెరికాలోని బర్క్‌లీలో తొలి రోగికి ప్రోటాన్లు ఇచ్చారు.

ఈ సైక్లోట్రాన్‌కు ఒకే శక్తి తెలుసు: 23 కోట్ల ఎలక్ట్రాన్ వోల్టులు. ఆ శక్తితో నీళ్లలోనైతే ప్రోటాన్ దాదాపు 33 సెంటీమీటర్ల దాకా పోతుంది. గడ్డ పది సెంటీమీటర్ల లోతులో ఉంటే దారిలో ఓ దిమ్మె అడ్డుపెట్టి, కావలసినంత నీరసపరిచి పంపుతారు. ఇక గడ్డను నింపడం అచ్చంగా చుక్కల ముగ్గే. లోతట్టు పొరతో మొదలుపెట్టి, అయస్కాంతాలతో కిరణాన్ని అటూ ఇటూ వంచుతూ చుక్క పక్కన చుక్క పెడతారు. శక్తి తగ్గించి ఇవతలి పొరకు వస్తారు. అడుగు పొరకు పోయే ప్రోటాన్లు దారిలో పైపొరలకు ఎంతో కొంత పంచే పోతాయి. అందుకే పైకి వచ్చేకొద్దీ చుక్కల్ని పలచన చేయాలి. వేల చుక్కల్లో దేనికి ఎంతో లెక్కగట్టేది మెడికల్ ఫిజిసిస్టు. రోగి ఆయన మొహం చూడకుండానే ఇంటికి వెళ్లిపోవచ్చు.

పిల్లల మెదడులో వచ్చే మెడుల్లోబ్లాస్టోమా అనే గడ్డకు వెన్నంతటికీ రేడియేషన్ ఇవ్వాల్సి వస్తుంది. వీపు నుంచి వేసిన ఎక్స్‌రే గుండె, థైరాయిడ్, పేగుల మీదుగా బయటికి పోతుంది. ప్రోటాన్ వెన్నెముక దగ్గరే ఆగుతుంది. ఇంకా ముందే ఆపి వెన్నుపూసను సగం కాపాడొచ్చు కదా అనిపిస్తుంది. ఎదిగే పిల్లల్లో అలా చేయరు. పూస సగం ఎదిగి సగం ఆగితే వెన్ను వంకరపోతుంది. అందుకే కావాలనే పూస మొత్తానికీ సమంగా ఇస్తారు. ఈ పనితనమంతటిలో నాకు అన్నిటికన్నా నచ్చింది ఈ నిర్ణయం.

అంత కచ్చితంగా ఆగే కిరణాన్ని దాన్ని వాడేవాళ్లే పూర్తిగా నమ్మరు. స్కాన్ చూసి లెక్కగట్టిన లోతులో మూడు శాతం అటూ ఇటూ తేడా ఉండొచ్చు. పదిహేను సెంటీమీటర్ల లోతులో అది దాదాపు అర సెంటీమీటరు. పేగులో గాలి చేరినా, రోగి చిక్కినా లెక్క మారుతుంది. అందుకే కిరణం సరిగ్గా అంచున ఆగుతుందన్న ధీమాతో సున్నితమైన అవయవానికి ఎదురుగా గురి పెట్టరు, వీలైతే పక్క నుంచి వస్తారు. రోజూ మొదటి రోగి రాకముందే కిరణం ఎంత లోతుకు పోతోందో కొలిచి చూస్తారు.

కుప్పంలో రైలెక్కితే చెన్నై దూరమేమీ కాదు. కానీ ఖర్చు లక్షల్లో, ఉండాల్సింది వారాల తరబడి. పుర్రె అడుగున వచ్చే కార్డోమాకూ, పసిపిల్లల గడ్డలకూ, ఒకసారి రేడియేషన్ అయిన చోటే మళ్లీ ఇవ్వాల్సి వచ్చినప్పుడూ ప్రోటాన్ విలువ తెలుస్తుంది. ప్రోస్టేట్ క్యాన్సర్‌లో ఆధునిక ఎక్స్‌రే చికిత్సతో పోల్చిన పెద్ద అధ్యయనంలో రోగుల జీవన నాణ్యతలో తేడా కనబడలేదు. చాలా క్యాన్సర్లకు తిరుపతిలోనో రాయవేలూరులోనో ఇచ్చే మామూలు ‘కరెంటే’ చాలు. కాబట్టి పొలం అమ్మే ముందు డాక్టరుగారిని ఒక్క మాట అడగండి: ‘‘నా గడ్డకు ఎక్స్‌రే ప్లానూ ప్రోటాన్ ప్లానూ పక్కపక్కన పెట్టి చూపించండి.’’ రెండు ప్లాన్లూ కంప్యూటర్‌లో వేసి పోల్చడం వాళ్లకు అలవాటైన పనే.