రాగిరేకు మీద దక్కిన సెయింట్ పాల్స్

1666 సెప్టెంబరులో లండన్‌ను దహించిన మంటల్లో పాత సెయింట్ పాల్స్ కెథడ్రల్ కూడా పోయింది. ఇప్పుడు అక్కడ కనిపించే గుమ్మటం క్రిస్టఫర్ రెన్ కట్టిన కొత్త చర్చిది. పాతదాని లోపలి రూపం మనకు ఇంత వివరంగా తెలుస్తోందంటే అది ముఖ్యంగా వెన్సెస్లాస్ హోలర్ చలవే. 1607లో ప్రాగ్‌లో పుట్టిన ఈ చిత్రకారుడు, 1636లో కొలోన్‌లో అరండెల్ ప్రభువు కంటపడి, ఆయన వెంట ఇంగ్లండు చేరాడు.

విలియం డగ్‌డేల్ రాసిన ఆ చర్చి చరిత్ర 1658లో అచ్చయింది. దానికి హోలర్ చేసిన ఎచింగ్‌లలో నన్ను కదలనివ్వనిది చర్చి నడిమి శాల బొమ్మ. ఇరుపక్కలా పన్నెండేసి గుండ్రటి కమానులు, వాటి మీద మరో వరస, పైన రాతి కప్పు. దగ్గరి స్తంభం మీద గీతలు ఒకదాన్నొకటి కోసుకుంటూ ఒత్తుగా సాగుతాయి. లోపలికి పోయేకొద్దీ పలచబడతాయి. రంగన్నది లేకుండానే దూరం కంటికి కడుతుంది.

ఈ పని ఎంత కష్టమో చూడండి. రాగిరేకుకు మైనం పూసి, సూదితో గీసి, ఆమ్లంలో ఉంచాలి. గీసిన చోటల్లా ఆమ్లం రాగిని తింటుంది. లేతగా ఉండాల్సిన గీతలను ముందే వార్నిష్‌తో మూసేసి, ముదురు గీతలను మళ్లీ ఆమ్లానికి వదలాలి. ఎంతసేపన్నది పనివాడి అంచనా. పైగా అచ్చులో కుడిఎడమలు తారుమారవుతాయి కాబట్టి కమానులన్నీ తిరగేసి గీయాలి. దూరపు చూపు బాగా తక్కువైన హోలర్ ఇలాంటి రేకులు దాదాపు 2,700 చేశాడు!

ఇంగ్లండు అంతర్యుద్ధంలో పార్లమెంటు సైనికులు ఈ శాలలోనే గుర్రాలను కట్టారు. రేకులో గుర్రాలు లేవు, చర్చి నిండు రూపమే ఉంది. అలాగని దాని దుస్థితిని ఆయన దాచలేదు. రోజూ కూలడానికి ఎదురుచూస్తున్న ఈ చర్చి జ్ఞాపకాన్ని తానిలా భద్రపరిచానని లాటిన్‌లో చెక్కి, కింద తన పేరు పెట్టాడు. ఎనిమిదేళ్లకే ఆ మాట నిజమైంది.

హోలర్ 1677లో లండన్‌లోనే పేదరికంలో కన్నుమూశాడు. పాత చర్చిలో ఆయన గీసిన సమాధుల్లో కవి జాన్ డన్ శిల్పం అగ్నిని తట్టుకుని నేటి సెయింట్ పాల్స్‌లో నిలబడి ఉంది. అక్కడికి వెళ్లే అవకాశం వస్తే, హోలర్ బొమ్మ పక్కన పెట్టుకుని ఆ శిల్పాన్ని చూడండి.