గాలితో రంగులద్దే పనితనం

స్ప్రే గన్‌తో గోడకు రంగు వేయడం చూసేవాళ్లకు తేలికగానే కనిపిస్తుంది. అసలు పని ట్రిగ్గర్ నొక్కకముందే మొదలవుతుంది. పెయింటర్ లప్పం పెట్టిన గోడను ఉప్పుకాగితంతో రుద్ది, దుమ్ము దులుపుతాడు. కిటికీలకు, స్విచ్‌బోర్డులకు పాత పేపర్లు అంటిస్తాడు. రంగును తగినంత పలచన చేసి గుడ్డలో వడకడతాడు. చిన్న పలుకు మిగిలినా నాజిల్ మూసుకుపోతుంది.

కంప్రెసర్ గాలి రంగును సన్నని తుంపర చేస్తుంది. మిగతాదంతా చేతి చలవే. గన్ గోడకు జానెడు దూరంలో, ఒకే వేగంతో సాగాలి. చెయ్యి కదిలాకే ట్రిగ్గర్ నొక్కాలి, ఆగకముందే వదలాలి. క్షణం నిలిచినా రంగు కారుతుంది. మణికట్టు వంగితే పూత ఒకచోట మందంగా, ఒకచోట పలచగా పడుతుంది. ప్రతి వరసా ముందు వరసను సగం కప్పాలి.

1893 నాటి షికాగో ప్రపంచ ప్రదర్శనకు గడువు ముంచుకొస్తుంటే, ఆ మహాభవనాలకు తెల్లరంగు వేయడంలో ఆదుకున్నది ఈ గాలి పిచికారీయే. బ్రష్షు అందని జాలీల మూలల్లోకి, గరుకు గోడల సందుల్లోకి నేటికీ ఇది సులువుగా చేరుతుంది.

రోజంతా రంగు తుంపరలో నిలబడి, బ్రష్షు గీత ఒక్కటీ లేని నునుపైన గోడను మనకిచ్చే పనివాడిది గొప్ప నేర్పు. అతనికి సరైన కూలీ, మంచి మాస్కూ, మనసారా ఒక మెచ్చుకోలూ దక్కాలి.