గూఢలిపి, నల్లబల్ల, న్యాయస్థానము

వాత్స్యాయనుడు స్త్రీలు నేర్వదగిన అరువదినాలుగు కళలను పేర్కొనుచు, అక్షరములను తారుమారు చేసి పరులకు బోధపడకుండ వ్రాయు మ్లేచ్ఛితవికల్పమును వానిలో చేర్చియుండెను. పెద్దలయెదుట ‘క’ భాషలో ముచ్చటలాడుకొను మన బాలికలకు అందలి మొదటి పాఠము తెలిసినదే. యుద్ధమున పదునెక్కిన ఈ విద్య పిదప నేరపరిశోధనకు మరలిన వృత్తాంతములలో, అమెరికాకు చెందిన ఎలిజబెత్ ఫ్రీడ్‌మన్ చరిత్రమును మించినది నాకు కనబడదు.

1917లో ఆ దేశము ప్రపంచసంగ్రామమున ప్రవేశింపగా, భర్త విలియంతో కూడి రివర్‌బ్యాంక్ పరిశోధనాలయమున ప్రభుత్వమునకై శత్రుసందేశములను ఛేదించిన యామె, మద్యనిషేధకాలమున ఓడలమీద దొంగసారా తరలించు ముఠాల రేడియో సందేశములపై దృష్టి నిలిపి, తీరరక్షకదళము పక్షమున మూడేండ్లలో ఇంచుమించు 12,000 సందేశములను విప్పెను.

ఇందు మంత్రమేమియు లేదు. ఏ భాషయందైనను కొన్ని అక్షరములు మాటిమాటికి వచ్చును, కొన్ని అరుదుగా తోచును. ఆంగ్లమున ‘ఈ’ అను అక్షరమునకు అగ్రస్థానము, మన తెలుగున పదాంతములందు ‘ను, కు, లు’ మొదలగునవి విడువక కనబడును. వ్రాయువాడు అక్షరముల రూపమును మార్చగలడు గాని భాష అలవాటును మార్చజాలడు. కావున ముందు గుర్తులను లెక్కించి, పునరుక్తములను పరిశీలించి, ఓడపేరో, రేవుపేరో, సరుకు వెలయో, సందేశమున తప్పక ఉండదగిన మాటను ఊహించి పొందించి చూడవలెను. పొసగనిచో ఎంత ముద్దైన ఊహనైనను విడువవలెను. సాంచిలోని బ్రాహ్మీలిపి దానశాసనముల చివర మరల మరల వచ్చు గుర్తులు ‘దానం’ అను మాటయని 1837లో ప్రిన్సెప్ పోల్చుకొన్నదియు ఈ మార్గముననే. కరీంనగర ప్రాంతపు కోటిలింగాల నాణెములమీద శాతవాహనరాజు ‘సిముక’ నామమును నేడు చదువగలుగుట ఆ శ్రమ ఫలము. ఆదిలాబాదు గుంజాలలోని గోండి లిపికి మాత్రము ఛేదనము అక్కరలేకపోయెను. దానిని చదువగల వృద్ధులు ఆ యూరనే యుండిరి.

యుద్ధమున సేనాపతికి ఫలితము చాలును. న్యాయపీఠమునకు మార్గము కూడ కావలెను. 1933లో న్యూ ఆర్లీన్స్‌లో సారా ముఠా విచారణయందు సాక్ష్యమిచ్చిన ఎలిజబెత్, తన పఠనము ఊహామాత్రమన్న ఆక్షేపణకు బదులుగా, నల్లబల్లమీద గూఢలిపి పద్ధతిని జూరీకి పాఠమువలె బోధించెను. ఎవ్వరైనను తిరిగి చేసి చూచుకొనదగినది గనుకనే ఆ పఠనము సాక్ష్యమయ్యెను. ఆమె ఛేదించిన వేలాది సందేశములకంటె ఈ ఒక్క బోధనయే నాకు ఘనముగా తోచుచున్నది.

ఈ బహిరంగబోధనకు భిన్నముగా, బ్రిటనునందలి గూఢలిపిఛేదన కేంద్రమగు బ్లెచ్లీ పార్కున రెండవ ప్రపంచయుద్ధకాలమందు పనిచేసినవారిలో ఇంచుమించు నాలుగింట మూడువంతులు స్త్రీలే యైనను, రహస్యశాసనబద్ధలై 1970ల వరకు ఇంటివారికి సైతము నోరు విప్పజాలకపోయిరి. అంతటి ప్రజ్ఞ లోకమునకు తెలియకుండుట పెద్ద నష్టము.

లెక్కకు లొంగని గూఢభాషయు కలదు. న్యూయార్కున బొమ్మల దుకాణము నడపిన వెల్వలీ డికిన్సన్, జపానుకై వ్రాసిన లేఖలలో యుద్ధనౌకలను బొమ్మలుగా పేర్కొని, మరమ్మతుకు వచ్చిన బొమ్మయని దెబ్బతిన్న ఓడను సూచించెను; పైగా వానిని తన ఖాతాదారుల పేర్లతో పంపెను. ఇట్టిచోట అక్షరములను లెక్కించి లాభము లేదు. లేఖలో చెప్పిన బొమ్మలను, ఆ నాళ్లలో రేవునకు చేరిన ఓడలను సరిపోల్చవలెను. ఆ వ్యాజ్యెమున ప్రభుత్వపక్షము ఎలిజబెత్ సహాయము పొందెను. 1944లో డికిన్సనుకు పదేండ్ల కారాగారము, పదివేల డాలర్ల జరిమానా పడినవి.