మట్టితో రారాజు

కృష్ణగిరి గ్రానైటు ఓడలెక్కి దేశదేశాలకు పోతుంది. అదే జిల్లా పల్లెల్లో ఊరంత జనం చుట్టూ మూగి చూసే బొమ్మకు మాత్రం మట్టి, నీళ్లు, సున్నం, నాలుగు రంగులు చాలు. ద్రౌపదమ్మ గుడి దగ్గర భారతం పెట్టినప్పుడు ముగింపు రోజున దుర్యోధనుణ్ని ఆ మట్టితోనే చేసి పడుకోబెడతారు. పగలు హరికథ, రాత్రి వీధినాటకం; చాలాచోట్ల పద్దెనిమిది రోజులు. హోసూరు వైపే కాదు, కుప్పం, చిత్తూరు పల్లెల్లోనూ ఇదే ఆచారం.

దూరాన్నుంచి చూస్తే మోటుపనిలా ఉంటుంది. దగ్గరికెళ్తేనే అందులోని లెక్క తెలుస్తుంది. తడిమట్టిని అంతెత్తున నిలబెట్టలేం. వెల్లకిలా పడుకోబెడితే స్థలం ఉన్నంత పొడుగు సాగదీయొచ్చు. కథలో పడిపోయినవాడే కాబట్టి పేచీ లేదు! మొండెం, తొడలు గట్టిగా దిమ్మిస కొట్టాలి. గదలు పట్టిన భీముడి వేషం, దుర్యోధనుడి వేషం వాటి మీదికెక్కి తరుముకుంటాయి మరి. ముఖానికి మెత్తటి మట్టి కావాలి. ముక్కు బాగా ఎత్తుగా తీర్చకపోతే పక్కన నిలబడ్డవాళ్లకు ముఖమే ఆనదు. ఎండాకాలపు పండగ, తడి ఆరేలోపు కళ్లు, కోరమీసం, కిరీటం అయిపోవాలి. తొడలో ఎర్రనీళ్ల కుండ పూడ్చడం ఆఖరి పని.

గద దెబ్బకు ఆ కుండ పగులుతుంది. ద్రౌపది వేషం ఆ ఎరుపు జుట్టుకు రాసుకుని ముడి వేసుకుంటుంది. ఇక జనాన్ని ఆపడం ఎవరి తరమూ కాదు. పంట బాగా పండుతుందని తలా గుప్పెడు మట్టి పట్టుకెళ్లి గాదెలోనో చేలోనో వేస్తారు. సాయంత్రం అగ్నిగుండం వేళకు రారాజు సగం ఊళ్లోకి నడిచిపోయి ఉంటాడు.

చండీగఢ్‌లో నేక్‌చంద్ పగిలిన గాజులు, పింగాణీ పెంకులు ఏరి బొమ్మలు చేశారు. ఆ రాక్ గార్డెన్‌ను 1976లో జనానికి తెరిచారు, ఆయనకు 1984లో పద్మశ్రీ వచ్చింది. తగిన గౌరవమే. మన మట్టిపనివాళ్లకు పద్మాల మాట దేవుడెరుగు, పండగ కరపత్రంలో కూడా చోటు లేదు. నా కంటబడ్డ వాటిలో అన్నదాతల పేర్లున్నాయి, హరికథ భాగవతారు పేరుంది, నాటకం మేళం పేరుంది, చివరికి మైకుసెట్టు పేరూ ఉంది. బొమ్మ చేసినవాడిది లేదు.

గుడి పెద్దలకు ఒక్క మనవి. వచ్చే భారతానికి కరపత్రం అచ్చుకిచ్చే ముందు, దుర్యోధనుణ్ని చేసేవాళ్ల పేర్లు కూడా ఒక వరుసలో వేయించండి.