కెమెరా ఆఖర్న కొనండి

కాకినాడలో ఏ కెమెరాల కొట్టుకి వెళ్లినా బేరం మెగాపిక్సెళ్ల దగ్గర మొదలవుతుంది. నాలుగా, ఎనిమిదా? రాత్రి రంగుల్లో కనపడుతుందా? మాటలు వినపడతాయా? గుమ్మానికి ఒకటి, వరండాకి ఒకటి పెట్టుకునేవాళ్లకి ఆ ప్రశ్నలు చాలు. తాళ్ళరేవు, కోరంగి వైపు నుంచి రొయ్యల చెరువుల కోసం వచ్చే రైతులు కూడా అవే అడిగి, బిల్లు కట్టి, పెట్టె పట్టుకెళ్లిపోతుంటే నాకు దిగులేస్తుంది. షెడ్డు నుంచి ఆఖరి గట్టు ఎంత దూరం? మధ్యలో కాలవ ఉందా? అక్కడికి కరెంటు ఎలా పోతుంది? ఇవి తేలాకే కెమెరా ఊసు ఎత్తాలి.

ఈ కెమెరాల పనిలో నాకు అన్నిటికంటే ఎక్కువగా వచ్చే ఫిర్యాదు ఒకటుంది. "పగలంతా శుభ్రంగా కనపడుద్దండి, పొద్దుగూకితే చాలు ఆగిపోద్దండి." కెమెరా పాడైందనుకుని కొత్తది కొంటారు. అదీ సాయంత్రానికి ఆగిపోతుంది. కెమెరాలో ఏ లోపమూ లేదు. చీకటి పడగానే దాని చుట్టూ ఉన్న ఇన్‌ఫ్రారెడ్ దీపాలు వెలుగుతాయి. పగలు 3 వాట్లతో నడిచేది రాత్రి 9 వాట్లు అడుగుతుంది.

లెక్క వేసి చూడండి. షెడ్డులో 12 వోల్టుల అడాప్టరు, 150 మీటర్ల దూరంలో కెమెరా, మధ్యలో 1 చదరపు మిల్లీమీటరు రాగి తీగ. కరెంటు వెళ్లాలి, తిరిగి రావాలి కాబట్టి తీగ పొడవు 300 మీటర్లు, దాని నిరోధం సుమారు 5 ఓములు. పగలు పావు ఆంపియరుకి ఒకటింపావు వోల్టు దారిలోనే పోతుంది, కెమెరాకి పదిన్నర పైచిలుకు దక్కుతుంది, పని జరుగుతుంది. రాత్రి ముప్పావు ఆంపియరు. దాదాపు 4 వోల్టులు తీగ తినేస్తుంది, మిగిలేది 8. పైగా వోల్టేజి పడేకొద్దీ చాలా కెమెరాలు ఇంకా ఎక్కువ కరెంటు లాగుతాయి, ఇంకా పడుతుంది. దొంగ వచ్చే వేళకి కెమెరా ఉండదు.

ధవళేశ్వరం నీళ్ల మీద బతికే మనకి ఇది కొత్త సంగతి కాదు. తల దగ్గర కాలవ నిండుగా ఉన్నంత మాత్రాన శివారు పొలం తడవదు. 1852లో ఆనకట్ట పూర్తిచేసిన కాటన్ దొర మనుషులు నీళ్లు వదలకముందే డెల్టా వాలు కొలిచారు. తీగ విషయంలో కూడా చివర కొలిచి మొదటికి రావాలి.

దారినష్టం తగ్గించడానికి మార్గం రోజూ మన కళ్లెదుటే ఉంది. ఊరి ట్రాన్స్‌ఫార్మరు దాకా కరెంటు 11 వేల వోల్టులతో వస్తుంది, అక్కడ దించుకుంటాం. అంతే శక్తిని ఎక్కువ వోల్టేజితో పంపితే తీగలో పారే కరెంటు తక్కువ, నష్టమూ తక్కువ. అదే 9 వాట్లను 48 వోల్టులతో పంపితే అదే తీగలో పోయేది ఒక్క వోల్టు. డేటా తీగలోనే కరెంటు పంపే పీవోఈ పద్ధతి ఈ సూత్రం మీదే నడుస్తుంది. 2003లో ఐట్రిపుల్‌ఈ ఖరారు చేసిన మొదటి ప్రమాణంలో స్విచ్ దగ్గర 15.4 వాట్లు బయల్దేరితే కెమెరాకి లెక్కగట్టింది 12.95 మాత్రమే. తీగకు పోయేది వాళ్లే ముందుగా తీసేశారు. ఆ లెక్క 100 మీటర్ల వరకే. 130 మీటర్లు లాగాం, నడుస్తోంది కదా అనేవాళ్లున్నారు. ఎండలు ముదిరి తీగ వేడెక్కినప్పుడు, జాయింటుకి చెమ్మ తగిలినప్పుడు అది మొరాయిస్తుంది. అప్పుడు తప్పు ఎక్కడుందో పట్టుకోవడం కొత్తగా వేయడం కంటే కష్టం.

అందుకే వంద మీటర్లు దాటితే నేను ఫైబరే వేయమంటాను. దాని ధర గురించి జనంలో ఉన్న భయం పాతది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ తన ఫైబరులో అధికభాగాన్ని భూమిలో పాతకుండా కరెంటు స్తంభాల మీదుగానే ఊళ్లకు లాగింది. మన గట్ల మీద కూడా అలా లాగొచ్చు. చెరువుల దగ్గర ఫైబరుకి మరో పెద్ద గుణముంది: అందులో పారేది వెలుతురు. ఏరియేటర్ మోటార్లు ఆన్ అయినప్పుడు పుట్టే అలజడి దానికి అంటదు. చుట్టూ నీళ్లు, మధ్యలో ఎత్తుగా స్తంభం, దాన్నించి షెడ్డు దాకా 300 మీటర్ల రాగి. దగ్గరలో ఒక్క పిడుగు పడితే ఆ రాగి వెంట వచ్చిన దెబ్బకి రికార్డరూ స్విచ్చూ కలిసి పోతాయి. ఫైబరు అయితే పోయేది స్తంభం దగ్గరున్న కెమెరా, దాన్ని ఫైబరుకి కలిపే కన్వర్టరు. ఒకటే జాగ్రత్త. పందికొక్కుల భయంతో ఉక్కు కవచమున్న ఫైబరు వేసుకుంటే, ఆ కవచాన్ని షెడ్డు బయటే ఎర్తింగుకి కలిపేయాలి, లోపలికి తేకూడదు.

ఫైబరు బొమ్మ మోస్తుంది, కరెంటు మోయదు. చాలామంది ఇక్కడే ఆగిపోతారు. నిజానికి ఏరియేటర్ల కోసం గట్టు మీదికి కరెంటు ఎప్పుడో వచ్చేసింది. ఆ ప్యానెల్ నుంచి విడి ఫ్యూజుతో లైను తీసుకుని, స్తంభం మీది పెట్టెలో బ్యాటరీ పెట్టాలి. బ్యాటరీ దండగ అనకండి. మోటార్లు, రాగి తీగ పోయేది కరెంటు లేని రాత్రుల్లోనే ఎక్కువ. పది వాట్ల కెమెరా పది గంటలు నడవడానికి 100 వాట్‌అవర్లు కావాలి. లెడ్ బ్యాటరీని సగానికి మించి వాడకూడదు గనక 12 వోల్టులు, 18 ఆంపియర్‌అవర్లది కనీసం. సోలార్ పెట్టేవాళ్లు ఎండాకాలం లెక్కతో పెట్టకండి. నవంబరులో వాయుగుండం పట్టి మూడు రోజులు సూర్యుడు కనపడని లెక్కతో పెట్టండి.

కొబ్బరిచెట్టుకి కెమెరా కట్టడం మన దగ్గర అలవాటు. 1996 నవంబరు 6 తుపానుకి కోనసీమలో లక్షల కొబ్బరిచెట్లు కూలాయి. అంత గాలి రాకపోయినా, ఊగే చెట్టు మీది తీగ కొక్కెం దగ్గర అరిగిపోతుంది. కాంక్రీటు దిమ్మెలో జీఐ పైపు నిలబెట్టండి.

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2013లో వచ్చిన ప్రజా భద్రత చట్టం జనం గుమిగూడే చోట్ల కెమెరాలు పెట్టాలని, 30 రోజుల రికార్డు దాచాలని చెప్పింది. కల్యాణ మండపాలూ దుకాణాలూ కెమెరాలైతే పెట్టాయి. తీగ నాణ్యత గురించి అడిగేవాళ్లు ఇప్పటికీ తక్కువే. మార్కెట్లో చవకగా దొరికే కేబుళ్లలో చాలా వాటికి పైన రాగి పూత, లోపల అల్యూమినియం. నిరోధం ఒకటిన్నర రెట్లు. పైన వేసిన లెక్కలో ఆ తీగ పెడితే రాత్రి సగం వోల్టేజి తీగకే పోతుంది. కొనేముందు ముక్క కోసి చాకుతో గీకండి, తెల్లగా మెరిస్తే వదిలేయండి. మన ఉప్పుగాలికి అలాంటి తీగ జాయింట్ల దగ్గర ఎంతోకాలం నిలవదు కూడా.

పని పూర్తయిందని చెప్పినవాళ్లకి పగలు డబ్బులివ్వకండి. చీకటి పడనివ్వండి, దీపాలన్నీ వెలగనివ్వండి, ఆఖరి గట్టు కెమెరా దగ్గర మల్టీమీటరు పెట్టించి వోల్టేజి మీ కళ్లతో చూడండి. 12 వోల్టుల కెమెరాకి అక్కడ 11కి తగ్గితే తీగ మార్చమనండి. మిగతా సొమ్ము ఆ తరవాతే ఇవ్వండి.