కాడల మీద నిలిచే గోపురం

హనుమకొండ వేయిస్తంభాల గుడిలో ఎంగిలిపూల నాడు, పద్మాక్షి గుట్ట కింద సద్దుల నాడు బతుకమ్మల మధ్య నిలబడితే అందరి చూపూ పూల మీదే ఉంటుంది. నా చూపు మాత్రం కాడల మీదికి పోతుంది. అంతెత్తు బతుకమ్మను నిలబెట్టేది అవే.

ముందు తాంబాళంలో గుమ్మడాకులు పరుస్తారు. తంగేడు, గునుగు ఏరి, పువ్వు కింద వేలెడంత కాడ ఉండేలా కోస్తారు. చేలల్లో కలుపుగా మొలిచే గునుగుది వెండి తెలుపు. దాన్ని గుప్పెడేసి కట్టలు కట్టి, కొసలు రంగునీళ్లలో ముంచి ఆరబెడతారు. గులాబీ, ఊదా వరుసలు అట్లా వస్తాయి.

అసలు పని పేర్చడంలో ఉంది. పువ్వు బయటికి, కాడ లోపలికి పెట్టి గుండ్రంగా వరుస వేస్తారు. నడుమ మిగిలిన గుంతలో కోసి పారేయాల్సిన కాడలు, ఆకులు తరిగి నింపి అరచేత్తో అదుముతారు. ఈ కూరుడే బతుకమ్మకు కడుపు. పై వరుస కింది కాడల మీద కూర్చుంటుంది, దాని బరువే వాటిని కదలకుండా పట్టేస్తుంది. ఒక్కో వరుసకు చుట్టు కాస్త తగ్గించాలి. ఎక్కువ తగ్గితే కురచగా ఆగిపోతుంది, తగ్గకపోతే మోసేటప్పుడు ఒరుగుతుంది. కొలబద్ద ఉండదు, అంతా చేతి అంచనాయే. చివర గుమ్మడిపువ్వు, అందులో పసుపు గౌరమ్మ.

ఇంత పనితనమూ చీకటి పడ్డాక చెరువు పాలు. నాకు ఎప్పుడూ మనసొప్పదు గానీ, తోటి ఆడవాళ్లు నవ్వుతారు.

స్వీడన్‌లో డిసెంబరు 13న జరిగే లూసియా పండుగలోనూ ఇట్లాంటి దాచిన పని ఒకటుంది. తెల్ల గౌను, నడుముకు ఎర్ర పట్టీ, తల మీద వెలిగే కొవ్వొత్తుల కిరీటంతో ఒక అమ్మాయి ముందు నడుస్తుంది. కిరీటానికి చుట్టిన పచ్చటి లింగన్‌బెర్రీ రెమ్మలు మనకు కనిపిస్తాయి. కారే మైనం జుట్టును కాల్చకుండా కిరీటం కింద పరిచిన తడి గుడ్డ మాత్రం కనిపించదు. పాత పంచాంగం లెక్కలో ఈ పండుగ రాత్రే ఏడాదిలో అతి పొడవైనది. 1927లో స్టాక్‌హోమ్ పత్రిక ఒకటి లూసియాను ఎన్నుకునే పోటీ పెట్టాక ఈ ఊరేగింపు దేశమంతా పాకింది. వలస వెళ్లినవాళ్లతో అమెరికాకూ చేరింది. ఇప్పుడు చాలాచోట్ల కొవ్వొత్తుల బదులు బ్యాటరీ దీపాలు వెలుగుతున్నాయి. తడి గుడ్డకు పనిలేకుండా పోయింది.

బతుకమ్మ 2014లో రాష్ట్ర పండుగ అయింది. మనవాళ్లతో పాటు లండన్, సింగపూర్ వెళ్లింది. 2021లో దుబాయిలో 828 మీటర్ల బుర్జ్ ఖలీఫా మీద వెలుగుల బొమ్మగా మెరిసింది. అంత ఎత్తు ఏ తాంబాళంలోనూ రాదు, ఒప్పుకోవాల్సిందే. అయినా నాకు ముచ్చటేసేది పరాయి ఊళ్లలో వంటింటి బల్ల మీద పేర్చే చిన్న బతుకమ్మ. అక్కడ తంగేడు దొరకదు. పూలకొట్లో కొన్న చామంతి, కార్నేషన్ పొడుగాటి కాడలతో వస్తాయి. వేలెడంత ఉంచి మిగతాది కోసేస్తే, ఆ ముక్కలతోనే కడుపు నిండుతుంది.